జోస్యాలు తప్పినా పాతబడని కథలు

పాత సైన్స్ ఫిక్షన్ గొప్పదనం గురించి ఎవరు చెప్పబోయినా ముందు ఒక చిట్టా విప్పుతారు. జూల్స్ వెర్న్ 1865లోనే ముగ్గురు మనుషుల్ని ఫ్లోరిడా నుంచి చంద్రుడి వైపు పంపాడు, వందేళ్ళ తర్వాత అపోలో 11 కూడా ముగ్గురితో అక్కణ్ణుంచే బయల్దేరింది చూశారా అంటారు. 1953లో వచ్చిన 'ఫారన్‌హీట్ 451' నవలలో జనం చెవుల్లో బుల్లి రేడియోలు దోపుకుంటారు, '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో వ్యోమగాములు భోంచేస్తూ టేబుల్ మీదున్న పల్చటి తెరల్లో వార్తలు చూస్తారు, ఇవన్నీ మన ఇయర్‌ఫోన్లూ ట్యాబ్లెట్లే కదా, ఎంత ముందుచూపో అంటారు.

వినడానికి బాగానే ఉంటుంది. కానీ తప్పిన జోస్యాల చిట్టా కూడా విప్పితే అది చాలా పొడుగు. వెర్న్ తన మనుషుల్ని పంపింది ఫిరంగిలోంచి. ఆ ఊపుకి లోపలున్నవాళ్ళు ఒక్క క్షణం కూడా బతకరు. '2001'లో అంతరిక్ష కేంద్రానికి ప్రయాణికుల్ని చేరవేసేది పాన్ యామ్ అనే విమానాల కంపెనీ. అది 1991లోనే మూతపడింది. 1982లో తీసిన 'బ్లేడ్ రన్నర్' కథ జరిగేది 2019లో. అందులో ఎగిరే కార్లున్నాయి, మనిషికీ తనకీ తేడా తెలియనంత బాగా తయారైన కృత్రిమ మనుషులున్నారు, కానీ హీరో ఫోన్ చెయ్యాలంటే బార్లో గోడకున్న ఫోన్ దగ్గరికి పోవాలి! సైబర్‌స్పేస్ అనే మాటని జనంలోకి తెచ్చిన 'న్యూరోమాన్సర్' (1984) నవలలోనూ ఇదే సంగతి. హీరో నడిచి వెళ్తుంటే పక్కన వరసగా ఉన్న పబ్లిక్ ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగుతాయి. జేబులో ఫోన్ అనే ఊహ మాత్రం రచయితకి తట్టలేదు.

జోస్యమే కొలబద్ద అయితే ఇవన్నీ ఎప్పుడో అటకెక్కాల్సిన సరుకు. ఎక్కలేదు. జనం ఇప్పటికీ వాటిని చదువుతున్నారు, చూస్తున్నారు, వాటి గురించి గొడవలు కూడా పడుతున్నారు. నన్నడిగితే దీనికి కారణం జోస్యాల దగ్గర దొరకదు. ఈ కథల్లో నిలిచినవాటిని తీసి చూస్తే దాదాపు అన్నిటిలోనూ ఒక లక్షణం కనిపిస్తుంది. లోకంలో ఒక్క షరతు మారుస్తారు, ఆ షరతుకి కట్టుబడి దాని పర్యవసానాల్ని చివరిదాకా మోస్తారు, మధ్యలో తమకి అనుకూలంగా ఇంకో మాయ చెయ్యరు. గాడ్జెట్లకి వయసొస్తుంది గానీ ఈ పట్టుదలకి రాదు.

హెచ్.జి. వెల్స్ ఈ సూత్రాన్ని తన నవలల సంపుటికి రాసిన ముందుమాటలో తనే చెప్పాడు. ఏదైనా జరగొచ్చు అన్నచోట దేని మీదా ఆసక్తి మిగలదు అన్నది ఆయన మాటల సారం. 1897లో వచ్చిన 'ది ఇన్విజిబుల్ మ్యాన్' చూడండి. మనిషి మాయమయ్యాడు, అంతవరకే మినహాయింపు, ఆ తర్వాత మామూలు ప్రపంచం తన పద్ధతిలో తను పనిచేస్తుంది. బట్టలు వేసుకుంటే కనిపించిపోతాడు కాబట్టి నడిచలికాలంలో లండన్ వీధుల్లో ఒంటి మీద నూలుపోగు లేకుండా తిరగాలి. మంచు పడితే ఒంటి మీద పేరుకుని పట్టిస్తుంది, వాన పడితే నీళ్ళు ఒంటి ఆకారాన్ని చూపిస్తాయి. ఏదైనా తింటే అది అరిగేదాకా కడుపులో పైకి కనిపిస్తూనే ఉంటుంది. మనుషుల్ని మోసం చెయ్యొచ్చు గానీ కుక్కలు వాసన పట్టేస్తాయి. బురదకాళ్ళ గుర్తులు చూసి వీధి పిల్లలు వెంటపడతారు. అదృశ్యశక్తి వస్తే దొరగారిలా బతకొచ్చు అనుకున్నవాడు, చివరికి ఒక వేడి గది కోసం, ఒక ముద్ద కోసం దొంగతనాలకి దిగుతాడు. ఇందులో సైన్సు ఎంత అంటే పెద్దగా లేదనే చెప్పాలి, ఆ మాయమయ్యే ప్రక్రియ అంతా ఉత్త కబుర్లే. కానీ ఆ చలి నిజం, ఆకలి నిజం, అధికారం చేతికొచ్చిందనుకున్న మనిషికి పట్టే పిచ్చి అంతకన్నా నిజం.

మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్'లో అయితే ఈ పాటి కబుర్లు కూడా లేవు. 1816లో, పద్దెనిమిదేళ్ళ వయసులో మొదలుపెట్టి, 1818లో పేరు వేసుకోకుండా అచ్చు వేయించిన నవల అది. మనకి గుర్తున్న మెరుపులు, లేబొరేటరీ హడావుడి చాలామటుకు 1931 నాటి సినిమా పెట్టిన ముద్ర. నవలలో విక్టర్ ఆ రహస్యం చెప్పనే చెప్పనంటాడు, చెబితే ఇంకొకడు చేస్తాడని. పాతబడే యంత్రాన్నే ఆవిడ పేజీల మీద పెట్టలేదు. బదులుగా పెట్టింది ఏమిటంటే, ప్రాణం పోసిన మరుక్షణం తను చేసినదాన్ని చూసి జడుసుకుని పారిపోయిన మనిషిని, దిక్కులేక ఒక ఇంటి గోడ సందులోంచి కుటుంబాన్ని గమనిస్తూ మాటలు నేర్చుకున్న ప్రాణిని. తయారుచేసినవాడికి తయారైనదాని పట్ల బాధ్యత ఎంతవరకు? ఇవాళ కృత్రిమ మేధ గురించి రాసే ప్రతివాళ్ళూ ఈ నవలని ఈడ్చుకొస్తున్నారు, కొన్నిసార్లు విసుగొచ్చేంతగా. అయినా ఈ ప్రశ్నని ఇంత సూటిగా పట్టుకున్న కథ వాళ్ళకి ఇంకోటి దొరకడం లేదు మరి.

అమెరికా రచయిత ఐజాక్ అసిమోవ్ రోబో సూత్రాల సంగతి ఇంకా తమాషా. 1942లో 'రనరౌండ్' అనే కథలో రోబో మనిషికి హాని చెయ్యకూడదు, మనిషి ఆజ్ఞ పాటించాలి, తనని తను కాపాడుకోవాలి అనే మూడు సూత్రాలనీ ఒక్కచోట పెట్టి రాశాడు. ఇప్పుడు చాలామంది వాటిని ఏదో పరిష్కారంలా ఉటంకిస్తారు, ఆ మూడూ యంత్రాల్లో రాసేస్తే చాలు, మనకిక భయం లేదన్నట్టు. కథలు చదివినవాళ్ళు అలా అనరు, ఎందుకంటే కథలన్నీ ఆ సూత్రాలు ఎక్కడ బెడిసికొడతాయో చూపడానికే రాసినవి. ఆ మొదటి కథలోనే బుధగ్రహం మీద ఒక రోబో, యజమాని ఆజ్ఞ పాటించాలన్న సూత్రమూ తనని తను కాపాడుకోవాలన్న సూత్రమూ సరిగ్గా సమఉజ్జీలుగా తగులుకుని, ముందుకీ పోలేక వెనక్కీ రాలేక ఒక మడుగు చుట్టూ గుండ్రంగా తిరుగుతూ పాటలు పాడుకుంటుంది. '2001'లో ఓడని నడిపే హాల్ కంప్యూటర్ హత్యలకి దిగడానికి, ఆ సినిమా కథ రాసినవాళ్ళలో ఒకడైన ఆర్థర్ సి. క్లార్క్ తన నవలలో ఇచ్చిన వివరణ కూడా ఇలాంటిదే: నిజాలు దాచకుండా పనిచెయ్యాల్సిన యంత్రానికి, ప్రయాణం అసలు ఉద్దేశం సిబ్బందికి చెప్పొద్దని ఆజ్ఞ ఇచ్చారు. యంత్రానికి దురుద్దేశం ఏమీ లేదు, మనం చెప్పిన రెండు మాటల్నీ అది సీరియస్‌గా తీసుకుంది, అంతే. ఆఫీసుల్లో పనిచేసిన ఎవరికైనా హాల్ మీద కాస్త జాలి కలగాలి.

ఇంకో కారణం ఉంది, అది మొదటిదాన్ని ఆనుకునే ఉంటుంది. సూటిగా చెప్పనివ్వని విషయాలకి ఈ కథలు ముసుగు వేశాయి. 1955లో అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి పిల్లాణ్ణి చంపేశారు, నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ ఘటన ప్రేరణగా రాడ్ సెర్లింగ్ ఒక టీవీ నాటకం రాస్తే, స్పాన్సర్లు భయపడి కథని దక్షిణాది నుంచి న్యూ ఇంగ్లాండ్‌కి మార్పించారు, కథలో పదును పోయింది. ఆ తర్వాత 1959లో ఆయన 'ది ట్విలైట్ జోన్' మొదలుపెట్టాడు. గ్రహాంతరవాసుల కథే కదా అనుకుని, మామూలు నాటకం మీద పడినంత కత్తెర దీని మీద పడలేదు. 1960లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో ప్రశాంతంగా ఉన్న వీధిలో కరెంటు పోతుంది, వేరే గ్రహంవాళ్ళు మనుషుల వేషంలో మన మధ్యే ఉంటారని ఒక పిల్లాడు కామిక్ పుస్తకంలో చదివింది చెబుతాడు, అంతే, ఎవరి కారు దానంతటది స్టార్ట్ అయింది, ఎవరు రాత్రిళ్ళు ఆకాశం చూస్తూ నిలబడతారు అని ఒకరినొకరు అనుమానించుకుని, తెల్లారేలోగా ఒకణ్ణి కాల్చి చంపుతారు. గ్రహాంతరవాసులు నిజంగానే ఉన్నారు, కొండ మీద కూర్చుని కరెంటు తీసి వేస్తూ చూస్తున్నారు. మిగతా పని వీధివాళ్ళే చేసిపెట్టారు.

సముద్రంలోంచి రాక్షస జంతువు లేచొచ్చే జపాన్ సినిమా 'గాడ్జిల్లా'దీ ఇదే దారి. 1954 మార్చి 1న బికినీ దీవుల దగ్గర అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. అదే ఏడాది నవంబర్లో విడుదలైన సినిమా సముద్రంలో ఒక ఓడ తగలబడిపోవడంతో మొదలవుతుంది. చూసినవాళ్ళకి వేరే వివరణ అక్కర్లేకపోయింది. రెండేళ్ళ తర్వాత అమెరికా ప్రేక్షకుల కోసం ఒక విలేకరి పాత్రని అతికించి, బాంబు ఊసు చాలావరకు తగ్గించి వదిలారు. రెండూ చూసినవాళ్ళకి తేడా వెంటనే తెలుస్తుంది: మొదటిది శోకం, రెండోది జంతువు వేషానికి తొడిగిన రబ్బరు సూటు.

ముసుగుకి ఉన్న లాభమేమిటంటే, వేసినప్పటి అవసరం తీరిపోయినా అది ఊరికే పోదు. ఒక తీర్పు మీద నేరుగా రాసిన నాటకాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ తీర్పు గురించి తెలియాలి. కరెంటు పోయిన వీధి కథకి అదేం అక్కర్లేదు, చూసేవాడు తన కాలపు అనుమానాన్ని తనే తెచ్చుకుని అందులో పెట్టుకుంటాడు. వదంతులు ఫోన్లలో పాకే ఈ రోజుల్లో ఆ ఎపిసోడ్ చూస్తే ఎవరి గురించి తీశారో ఎవరూ అడగరు.

పాతవాటిలో బడ్జెట్ తక్కువ కాబట్టే బుర్ర ఎక్కువ వాడారు అనే వాదన ఒకటి తరచుగా వినిపిస్తుంది. కొంత నిజమే. 'స్టార్ ట్రెక్' టీవీ సీరియల్‌లో మనుషుల్ని కాంతి చారలుగా మార్చి గ్రహం మీదికి దించడం అంత పేరుపొందింది కదా, ప్రతివారం ఓడ దిగడం చూపించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుందని కనిపెట్టిన ఉపాయం అది. బ్రిటిష్ టీవీ సీరియల్ 'డాక్టర్ హూ'లో 1966లో ముఖ్య నటుడి ఆరోగ్యం బాగోలేక తప్పుకోవాల్సి వస్తే, డాక్టర్ రూపం మార్చుకుంటాడని కథలోనే రాసేశారు, దాంతో 1963లో మొదలైన సీరియల్‌కి ముసలితనమే లేకుండా పోయింది. కానీ దీన్ని మరీ సాగదియ్యకూడదు. చవగ్గా తీసిన చెత్త అప్పుడూ కుప్పలుగా వచ్చింది, అది మనకి గుర్తులేదు కాబట్టి పాతకాలమంతా బంగారం అనిపిస్తుంది. 'మెట్రోపోలిస్' (1927), '2001' తమ కాలానికి చాలా ఖరీదైన సినిమాలు. '2001' కోసం అయితే వ్యోమగాములు లోపల నడవడానికి ఒక పెద్ద చక్రాన్నే కట్టి తిప్పారు. డబ్బున్నా లేకపోయినా, మంచివాటిలో ప్రేక్షకుడికి కొంత పని మిగిల్చారు. 'ఏలియన్'లో (1979) ఓడలో చేరిన భయంకర జీవి కనిపించేది చాలా తక్కువసేపు, మిగతా భయమంతా చూసేవాడే పోగుచేసుకోవాలి.

ఈ పని మిగల్చడం వల్ల కొన్ని మొదట దెబ్బతిన్నాయి కూడా. 1982 జూన్ 25న 'బ్లేడ్ రన్నర్', 'ది థింగ్' రెండూ ఒకేరోజు విడుదలై రెండూ సరిగ్గా ఆడలేదు. రెండు వారాల ముందొచ్చిన 'ఇ.టి.' ఇచ్చిన ఓదార్పు ఈ రెంటిలోనూ లేదు. వీడియో క్యాసెట్లొచ్చాక జనం వాటిని మళ్ళీ మళ్ళీ చూడటం మొదలుపెట్టారు, 'బ్లేడ్ రన్నర్' హీరో డెకార్డ్ మనిషా కాదా, 'ది థింగ్' చివర్లో మంచులో మిగిలిన ఇద్దరిలో మనిషి రూపం వేసుకునే ఆ జీవి ఎవరు అని కొట్లాడుకోవడం మొదలైంది, ఇంకా తెగలేదు. 'స్టార్ ట్రెక్' కూడా 79 ఎపిసోడ్లకే ఆపేసిన సీరియల్, దాని అసలు జనాదరణ పునఃప్రసారాల్లోనే పెరిగింది.

ఇప్పటి రీమేకులతో, సీక్వెల్స్‌తో నా తగాదా ఇక్కడే. ఓడలూ, యూనిఫామ్‌లూ, పేర్లూ జాగ్రత్తగా తెచ్చుకుంటారు, షరతుని మాత్రం పారేస్తారు. చచ్చినవాళ్ళు తిరిగొస్తారు, కాలంలో వెనక్కి వెళ్ళి తప్పులు దిద్దేస్తారు, విశ్వం మొత్తం అంతమైపోయే టెన్షన్ పెడతారు, అంత పెద్ద ప్రమాదం ఎదురుగా ఉన్నా చలిలో వణికే ఆ కనిపించని మనిషి మీద కలిగినంత కంగారు కూడా కలగదు.

పాతవన్నీ నెత్తిన పెట్టుకోమని కాదు నేనంటున్నది. అసిమోవ్ 'ఫౌండేషన్' మొదటి పుస్తకంలో గెలాక్సీ అంతా నిండిన సామ్రాజ్యం ఉంటుంది, అందులో ఆడమనిషి అనదగ్గ పాత్ర దాదాపు ఉండదు, మగవాళ్ళు చుట్టలు కాలుస్తూ గదుల్లో కూర్చుని వాదించుకుంటారు. '2001' మొదటిసారి చూసి నిద్రపోయినవాళ్ళని నేను తప్పుపట్టను. క్లాసిక్ అన్న ముద్ర చూసి భయపడి, నచ్చకపోయినా నచ్చిందని చెప్పడం ఆ సినిమాకీ మంచిది కాదు, చూసేవాళ్ళకీ మంచిది కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇ.ఎమ్. ఫోర్స్‌టర్ 1909లో రాసిన 'ది మెషీన్ స్టాప్స్' చదవండి, ఒక పూటలో అయిపోతుంది. ఆయన ఈ తరహా రచయిత కూడా కాదు. మనుషులందరూ భూమి కింద ఎవరి గదిలో వాళ్ళుంటారు, తెరల మీద మాట్లాడుకుంటారు, ఉపన్యాసాలు వింటారు, ఇంకో మనిషి చెయ్యి తగిలితే చిరాకుపడతారు. కొడుకు ఒకసారి నేరుగా వచ్చి చూడమని అడిగితే తల్లి, ఇప్పుడు చూస్తూనే ఉన్నాను కదా అంటుంది. అది నచ్చితే 'ట్విలైట్ జోన్' ఎపిసోడ్లు, ఆ తర్వాత వెల్స్. 'ఫౌండేషన్'తో మాత్రం మొదలుపెట్టకండి.