గోదావరికి పడవ దారి కావాలంటే ముందు ఇసుక లెక్క తేలాలి

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను, భద్రాచలం-రాజమహేంద్రవరం మధ్య 171 కిలోమీటర్ల గోదావరిని కలిపి జాతీయ జలమార్గం-4గా కేంద్రం 2008లో ప్రకటించింది. ఇన్నేళ్లయినా ఆ 171 కిలోమీటర్లలో బొగ్గు బార్జీ గానీ సిమెంటు బార్జీ గానీ ఏడాది పొడవునా నడిచే పరిస్థితి రాలేదు. పాపికొండల పర్యాటక లాంచీలు, రేవు దాటించే పంట్లు, ఇసుక పడవలు తప్ప గోదావరి మీద చెప్పుకోదగ్గ రవాణా లేదు. నిధులు చాలలేదని, పోలవరం ఆలస్యమైందని కారణాలు చెబుతుంటారు. అవి నిజమే. కానీ అసలు చిక్కు నది అడుగున ఉంది. వరదను గట్టు మీదికి మళ్లించేదీ, ఎండాకాలం పడవను మెరకెక్కించేదీ అదే ఇసుక. దాన్ని ప్రభుత్వం ముక్కలు చేసి తలా ఒక శాఖకు పంచిపెట్టింది.

విశాఖకు ఇది దూరపు గొడవలా కనిపించవచ్చు. ఈ నగరానికి, ఉక్కు కర్మాగారానికి నీళ్లిచ్చే ఏలేరు ఎడమ కాలువలో గోదావరి నీరు కూడా కలుస్తోంది. రేపు పోలవరం ఎడమ కాలువ అనకాపల్లి దాకా పారితే, విశాఖ అవసరాలకు కేటాయించిన 23.44 టీఎంసీలు ఆ దారినే రావాలి. నది ఎలా నడుస్తోందన్నది మన కుళాయికీ సంబంధించిన విషయమే.

ముందు వరద సంగతి చూద్దాం. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఇస్తారు. అప్పటికి సుమారు 17 లక్షల క్యూసెక్కులు దిగువకు పోతుంటాయి. అంటే రోజుకు 147 టీఎంసీలు. పోలవరం పూర్తి సామర్థ్యం 194.6 టీఎంసీలు. అందులో 41.15 మీటర్ల కనీస మట్టానికీ, 45.72 మీటర్ల పూర్తి మట్టానికీ మధ్య పట్టేది 75 టీఎంసీలు. ఆ జాగా మొత్తం ఖాళీగా పెట్టుకుని కూర్చున్నా 17 లక్షల వరద దాన్ని పన్నెండు గంటల్లో నింపేస్తుంది. 1986 ఆగస్టులో వచ్చినట్టు 35 లక్షల క్యూసెక్కులు వస్తే ఆరు గంటలు చాలు. పోలవరం స్పిల్‌వేను 48 గేట్లతో 50 లక్షల క్యూసెక్కులకు కట్టింది వచ్చిన నీటిని వచ్చినట్టు దాటించడానికే. ఆ ప్రాజెక్టు పూర్తయితే కోనసీమకు వరద భయం పోతుందని సభల్లో చెప్పే మాటను ఎవరూ నమ్మకూడదు. ధవళేశ్వరంలో నాలుగు పాయల మీద కలిపి 175 గేట్లున్నా, బ్యారేజీలో నిలిచే నీరు మూడు టీఎంసీల లోపే. కాబట్టి దిగువ జనాన్ని కాపాడేవి ఏటిగట్లే.

గట్టు తెగడమంటే నీరు పైనుంచి పొర్లడమే అనుకుంటారు చాలామంది. గోదావరి గట్ల కింద ఇసుక పొర ఉంటుంది. ఏటిలో మట్టం పెరిగే కొద్దీ నీరు ఆ ఇసుకలోంచి దారి చేసుకుని గట్టుకు ఇవతల, పొలంలోనో కొబ్బరి తోటలోనో బుగ్గలా పైకి లేస్తుంది. వచ్చే నీరు తేటగా ఉంటే అది ఊట. కాపలా పెట్టి గమనిస్తే సరిపోతుంది. నీటితో పాటు ఇసుక కూడా ఉబికి బుగ్గ చుట్టూ కుప్ప కడుతుంటే మాత్రం గట్టు కింద సొరంగం తయారవుతోందన్నమాట. కంగారులో బుగ్గ మీదే బస్తాలు పడేస్తుంటారు, అది చాలా ప్రమాదం. అక్కడ మూస్తే నీరు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. చేయాల్సిందల్లా బుగ్గ చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా కట్ట వేసి, లోపల నీటిని పెరగనివ్వడం. లోపలి నీటి బరువు ఊటకు ఎదురొత్తిడి ఇస్తుంది, ఇసుక రావడం ఆగుతుంది. నీరు తేటపడగానే కట్టను ఇంకా ఎత్తడం ఆపి, పైకొచ్చే నీటిని పక్క బోదెలోకి వదలాలి. ఇవన్నీ గట్టు కాపలా చూసే లస్కర్లకు తెలిసిన పనులే. ఆ లస్కర్ పోస్టులు ఖాళీగా పెట్టి గట్టు ఎత్తు పెంచడానికి టెండర్లు పిలిస్తే ఫలితం లేదు.

ఇంకో సంగతి: వరద తీసేటప్పుడే గట్టు ఎక్కువగా జారుతుంది. రోజుల తరబడి నాని బరువెక్కిన మట్టికి అప్పటిదాకా ఏటి నీరే ఆనుడుగా ఉంటుంది. మట్టం గబగబా దిగితే ఆ ఆనుడు పోయి, ఏటివైపు ముఖం పెళ్లలుగా విరిగి పడుతుంది. గట్టు మొదట్లో ఇసుక తవ్వి గుంట చేసిన చోట ఈ జారుడు ఇంకా ఎక్కువవుతుంది. మొదటి హెచ్చరిక ఉపసంహరించగానే కాపలా ఎత్తేయడం అందుకే తప్పు.

గట్లు పెంచుతూ పోతే చాలన్న నమ్మకం అమెరికాలో మిసిసిపీ నదిని చూసేవారికీ ఉండేది. పడవ దారినీ వరదనూ ఒకే చేతికి అప్పగిస్తూ 1879లోనే అక్కడ నదీ కమిషన్ వేశారు. అది మంచి పనే. అయితే ఆ కమిషన్ గట్ల మధ్య నదిని బిగిస్తే అడుగు తనే కోసుకుని లోతవుతుందని నమ్మింది. 1927 వరదలో ఆ గట్లు ఎన్నో చోట్ల తెగాయి. 1928లో కొత్త చట్టం తెచ్చి, వరదను కావాలని పక్కకు వదిలే మార్గాలు కట్టారు. మనకు అలాంటి మార్గాలు సహజంగానే ఉన్నాయి, అవే లంకలు. లంకల్లో ఇటుక బట్టీలు, రొయ్యల చెరువుల కట్టలు, ఏటికి అడ్డంగా వేసిన రోడ్లు ప్రతి ఏడూ పెరుగుతున్నాయి. 1884 నాటి నదీ సంరక్షణ చట్టం వాటిని తొలగించే అధికారాన్ని ఇంజనీర్‌కు ఇచ్చింది. ఆ అధికారాన్ని వాడే ధైర్యం మాత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.

ఇక పడవ సంగతి. 500 టన్నుల బార్జీ నిండు సరుకుతో మీటరున్నర దాకా మునుగుతుంది. అడుగు తగలకుండా ఉండాలంటే రెండు మీటర్ల నీరు కావాలి, అదీ 40 మీటర్ల వెడల్పున. పాపికొండల ఇరుకులో లోతుకు కొదవ లేదు. ఎగువన ఏరు విప్పారిన చోట, మేటల మధ్య ఎండాకాలం ఆ లోతు దొరకదు. ఒక కిలోమీటరు దారిని ఒక్క మీటరు లోతు చేయాలంటే 40 వేల ఘనపు మీటర్లు తవ్వాలి. పది కిలోమీటర్ల మెరకకు నాలుగు లక్షలు, అంటే ఆరు లక్షల టన్నులకు పైమాటే. మరుసటి జూలైలో ఎర్ర నీరు వచ్చి ఆ కోతను పూడ్చి, దారిని ఇంకో పక్కకు తిప్పేస్తుంది. అందుకే దీన్ని ఒకసారి తవ్వి రిబ్బను కత్తిరించే పనిగా చూడకూడదు. ఏటా బడ్జెట్ పెట్టుకోవాల్సిన నిర్వహణ ఇది.

గుత్తేదారుకు ఘనపు మీటరు లెక్కన డబ్బు కడితే అతను తేలిగ్గా తవ్వుడుపడే చోటే తవ్వుతాడు. అడుగు తవ్వే డ్రెడ్జర్ యంత్రం ఇసుకను వదిలే గొట్టం మూతిని దగ్గర్లోనే ఎగువన పెడితే తోడిన ఇసుక మళ్లీ కోతలోకే జారుతుంది, దానికి మళ్లీ బిల్లు. గంగ మీద జాతీయ జలమార్గం-1లో వాడిన పద్ధతి మేలు: ఇన్ని రోజులు ఇంత లోతు నిలబెడితేనే డబ్బు. బ్రహ్మపుత్ర, గంగల్లో వెదురు తడకలను ఏటవాలుగా పాతి, వరద తగ్గేటప్పుడు ప్రవాహాన్ని దారిలోకి నెట్టి, నీటి చేతే లోతు చేయిస్తారు. ఈ చవక పద్ధతికి మన దగ్గర ఒక్క సీజను ప్రయోగమైనా చేయాలి.

ఇప్పుడు వ్యవస్థ తీరు చూడండి. పడవ దారి కేంద్ర ఓడరేవుల శాఖ కిందున్న అంతర్గత జలమార్గాల సంస్థది. వరద అంచనా కేంద్ర జల సంఘానిది. గట్లు, బ్యారేజీ రాష్ట్ర జలవనరుల శాఖవి. ఇసుక గనుల శాఖది. ఇసుక తవ్వే చోటు, అంటే రీచ్, ఎక్కడ పెట్టాలో గనుల శాఖ నిర్ణయించేటప్పుడు లారీకి దారి ఎక్కడుందో చూస్తారు. లారీకి దారి గట్టు పక్కనే ఉంటుంది కాబట్టి తవ్వకమూ గట్టు పక్కనే జరుగుతుంది. అటు నడి ఏటిలో మెరకలు అలాగే ఉంటాయి. రాష్ట్రానికి ఎలాగూ ఇల్లు కట్టుకోవడానికి ఇసుక కావాలి. ఆ ఇసుకను పడవ దారి గీత మీద నుంచే తీస్తే తవ్వకం ఖర్చు చాలావరకు అమ్మకంలోనే వస్తుంది, గట్టు మొదలు కుదురుగా ఉంటుంది.

దీనికి కావాల్సింది ఏటా వరద తగ్గాక, నవంబరులో, భద్రాచలం నుంచి అంతర్వేది దాకా నది అడుగుకు ఒకే సర్వే. దాని మీద దారి గీత గీసి, జనవరిలోపు రీచ్‌లు ఆ గీత మీదే ఖరారు చేయాలి. వంతెనల స్తంభాలకు, బ్యారేజీకి, గట్టు మొదళ్లకు ఎంత దూరం వదలాలో అదే పటంలో రాయాలి. బ్యారేజీ దిగువన పాయల్లో మాత్రం తవ్వకం చాలా పరిమితంగా ఉండాలి. ఎగువ ఆనకట్టల వల్ల సముద్రానికి చేరే ఇసుక ఇప్పటికే తగ్గింది, ఉప్పాడ తీరం కోసుకుపోతుండటం కళ్లముందే ఉంది.

పడవలకు అనుమతి కూడా నీటి లెక్కతోనే ముడిపడాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కులున్నాయి. ఎన్ని క్యూసెక్కులు దాటితే ఏ రకం పడవ కట్టేయాలో ప్రతి రేవు దగ్గర బోర్డు మీద రాసి ఉండాలి, సరంగు విచక్షణకు వదలకూడదు.

పోలవరం ఎడమ గట్టున పడవల కోసం లాకులు, సొరంగం డిజైనులో ఉన్నాయి. డ్యాం పూర్తయ్యేలోపు అవి పూర్తి కాకపోతే భద్రాచలం బార్జీ డ్యాం దగ్గరే ఆగిపోతుంది. కాటన్ నాటి కాలువలను వేసవిలో మరమ్మతులకు కట్టేసే నెలల్లో ఎలాగూ పడవ నడవదు. ఆ నెలల్ని ముందే లెక్కలోంచి తీసేసి, సరుకు ఒప్పందాలు మిగతా నెలలకే చేసుకోవాలి.

విశాఖ చేయగలిగింది ఒకటుంది. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది, 2019 నుంచి దాని యజమానుల్లో విశాఖ పోర్టు ఒకటి. దాని పెద్ద డ్రెడ్జర్లు సముద్రానికి పనికొచ్చేవి. గోదావరి లోతుకు అవి లోపలికే రావు. నదికి కావాల్సింది మీటరు లోతులో తేలే, భాగాలుగా విప్పి లారీల మీద తెచ్చి ఏటి ఒడ్డున బిగించే చిన్న కట్టర్ డ్రెడ్జర్లు. వెనక ఉండే రెండు గుంజల్లో ఒకదాన్ని అడుగుకు దిగేసి, దాని చుట్టూ తిరుగుతూ, పక్క లంగర్లను లాక్కుంటూ అవి ఇసుక కోస్తాయి. అలాంటివి రెండు మూడు, నడిపే సిబ్బందితో సహా, ధవళేశ్వరంలో శాశ్వతంగా ఉంచేలా రాష్ట్రం ఆ సంస్థతో దీర్ఘకాలిక ఒప్పందం చేసుకోవాలి. వచ్చే నవంబరు సర్వేకు ముందే ఆ సంతకాలు జరిగితే జనవరిలో పని మొదలుపెట్టవచ్చు.