మేగజైన్ ఫీజు గారికి బహిరంగ లేఖ

మ.రా.రా.శ్రీ మేగజైన్ ఫీజు గారి దివ్య సముఖానికి,

తమరు క్షేమంగా ఉన్నారని ఈరోజు చలానా చూశాక తెలిసింది. లైబ్రరీ ఫీజుకీ స్పోర్ట్స్ ఫీజుకీ నడుమ హాయిగా కూర్చున్నారు. వందే కదా అని కట్టేసేవాళ్లమే, కానీ మా జూనియర్ ఒకడు నోరు ఊరుకోక "మేగజైన్ ఎప్పుడొస్తుంది సార్?" అని కౌంటర్లో అడిగాడు. "ముందు కట్టు బాబూ, లేకపోతే హాల్ టికెట్ జనరేట్ కాదు" అన్నారు. ఇంకేముంది, మధ్యాహ్నమంతా అకౌంట్స్ వాళ్లు అకడమిక్ సెక్షన్‌కి పొమ్మంటే, వాళ్లు లైబ్రరీకి పొమ్మంటే, ఎండలో తిరిగాం.

లైబ్రరీలో అటెండర్ అన్న జాలిపడి వెనక బీరువా తీశాడు. మీ పేరు మీద వచ్చిన చివరి సంచిక, కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వచ్చిన ఏడాదిది. నున్నటి కాగితం, పెద్దల సందేశాలు, డిపార్ట్‌మెంట్ల గ్రూప్ ఫొటోలు, అన్నీ అయ్యాక చోటు మిగిలితే పిల్లల కవితలు. దాని ముందువి కావాలంటే సీడీ ఇచ్చారు. అంతా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు, అవి లేని ల్యాబ్‌లో తెరిస్తే తెలుగు తప్ప అన్ని భాషలూ కనిపించాయి.

అసలువి అడుగు అరలో ఉన్నాయండీ. సైక్లోస్టైల్ కాగితాలు, తుప్పు పట్టిన పిన్నులు. మైనం స్టెన్సిల్ మీద ఇనప కలంతో రాసేవారు కదా, కాస్త గట్టిగా నొక్కితే సున్నా చుట్టిన ముక్క ఊడొచ్చి, ఆ కంతలోంచి సిరా కాగితం మీదికి దిగిపోయేది. అందుకే ఒక సంచికలో పేజీ నిండా సున్నాల బదులు నల్లటి బొట్లే. అలాంటి బొట్లతోనే మెస్సు బిల్లు లెక్కలు బయటపెట్టారు మహానుభావులు. కింద "ప్రైవేట్ సర్క్యులేషన్ కోసం మాత్రమే" అని ఒక ముక్క. 1867 నాటి ప్రెస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ గొడవ తగలకుండా కట్టుకున్న తాయెత్తు అది. ఆ చట్టం స్థానంలో 2023లో ఇంకోటి చేశారు, 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. బ్రిటిష్ వాడి చట్టమే మారింది, తమరు మారలేదు.

అప్పట్లో మేగజైన్ సెక్రటరీ అని ఒక పదవి ఉండేదట. పిల్లలే ఓట్లేసి ఎన్నుకునేవాళ్లు, పత్రిక రాకపోతే పిల్లలే కాలర్ పట్టుకునేవాళ్లు. ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేశారు, సెక్రటరీ పోయాడు. ఆ కుర్చీలో ఒక లెక్చరర్ గారిని కూర్చోబెట్టారు. ఆయన రిటైరయ్యారు, ఖాళీ భర్తీ కాలేదు. రాసేవాళ్లని వెతికేవాడు పోయాడు, దిద్దేవాడు పోయాడు, అచ్చేయించేవాడు పోయాడు. వసూలు చేసే తమరొక్కరే మిగిలారు.

1975లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు పత్రికలు అచ్చు కాకముందే చదివి కొట్టేయడానికి సెన్సార్ అధికారుల్ని పెట్టాల్సొచ్చింది. ఎంత శ్రమ, ఎన్ని జీతాలు! తమరికి ఆ ఖర్చు కూడా లేదు. నోరు మూయించడానికి మా డబ్బే మా దగ్గర తీసుకుని ఊరుకుంటే చాలు, పైగా రసీదు కూడా ఇస్తారు.

ఇంక మర్యాద నావల్ల కాదు. ఏమయ్యా, ఏం చేస్తున్నావు నువ్వు మా డబ్బుతో? సైక్లోస్టైల్ సిరాకి చందాలు పోగేసుకున్న వాళ్లకి నువ్వు లేవు, అయినా పత్రిక వచ్చింది. నువ్వొచ్చి పర్మనెంట్ అయ్యాక పత్రిక పోయింది. స్పోర్ట్స్ ఫీజు నీకంటే నయం, కనీసం ఒక చిరిగిన వాలీబాల్ నెట్ చూపిస్తుంది. నిన్ను ఏ ఖాతాలో వేస్తారో, ఎవరి కారు డీజిల్‌లోకి పోతావో అడిగితే "ఆర్‌టీఐ పెట్టుకోండి" అంటున్నారు. పెట్టాం. అది కూడా నీ అన్న లాంటిదే, పది రూపాయలు ముందే తీసుకుంది.

ఈలోగా హాస్టల్ మెట్ల దగ్గర గోడపత్రిక పెడదామనుకున్నాం. చేత్తోనే రాస్తాం, నాలుగు చార్టులు. గోడకి అంటించాలంటే డీన్ గారి సంతకం కావాలట, ఆయన క్యాంపులో ఉన్నారు. సంతకం సంగతి మేం చూసుకుంటాం గానీ, నీ దగ్గర మా డబ్బులు చాలానే ఉన్నాయి కదా, జిగురు డబ్బాకి ఓ యాభై ఇప్పించు.

ఇట్లు,
రసీదు మాత్రమే అందుకున్న ఒక పీజీ విద్యార్థి