కొట్టివేసిన పేరు

ఏప్రిల్ నెలలో మా ఆఫీసు వాళ్లతో పని గురించి మాట్లాడటం దండగ. ఒక ఆదివారం ఫ్లాండర్స్ సైకిలు రేసు, తరువాతి ఆదివారం పారిస్-రూబే, ఆ పై ఆదివారం ఆమ్‌స్టెల్ గోల్డ్ రేస్. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కు వచ్చిన కొత్తలో ఈ మూడోదాన్ని ఎవరో నగల వ్యాపారులు పెట్టే పోటీ అనుకున్నాను. కాదు, అది బీరు పేరు. 1966 నుంచి జరుగుతోంది. గెలిచినవాడికి వేదిక మీదే పెద్ద గ్లాసుతో బీరు చేతికిస్తారు. నెదర్లాండ్స్ అంతా చదునైన నేల. కొండలంటూ ఉన్నవి దక్షిణాన లింబర్గ్ మూలనే. ఉన్న ఆ కాసిని కొండల్నీ ఊరికే ఉండనివ్వకుండా, ఒక్క రోజులో ముప్పైకి పైగా ఎక్కుళ్లు లెక్కకు వచ్చేలా రోడ్డును అటు తిప్పి ఇటు తిప్పి, 250 కిలోమీటర్లు దాటించి గానీ వదలరు.

ఈ రేసులో ఎవరు గెలుస్తారో ముందే చెప్పాలని మా ఆఫీసులో పందెం. డబ్బు పందెం కాదు. సరిగ్గా చెప్పినవాళ్లకు ఏనాటిదో ఒక ఇత్తడి సైకిలు గంట ఇస్తారు, ఏడాదంతా బల్ల మీద పెట్టుకోవచ్చు. ఆఖరున నిలిచినవాళ్లు అందరికీ వ్లాయ్ తేవాలి. వ్లాయ్ అంటే లింబర్గ్ వాళ్ల పళ్ల తీపి రొట్టె. వెడల్పుగా, గుండ్రంగా, చెర్రీలో ఆప్రికాట్లో పరిచి ఉంటుంది. గంట మీద నాకు ఎప్పటి నుంచో కన్ను. దాని మీద బీరు సీసా బొమ్మ అరిగిపోయి పాలసీసాలా కనిపిస్తుందని మా ఆవిడ అంటుంది గానీ, పక్క బల్ల మీద ఉన్నప్పుడు దాని విలువ వేరు.

ఈ పందెం నడిపేది మా విభాగంలోని ఒక పెద్దమనిషి. ఆయన రాసిన నియమావళి మా సంస్థ అగ్నిమాపక సూచనలకంటే పొడుగు. గడువు శనివారం సాయంత్రం ఆరు. కిందటి ఏడాది ఒకామె ఆసుపత్రి మంచం మీద నుంచి కాస్త ఆలస్యంగా పేరు పంపితే, "త్వరగా కోలుకోవాలి" అని పూలు పంపి, పేరు మాత్రం చేర్చుకోలేదు. నియమమంటే నియమం. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఫారం కంప్యూటర్లో నింపాలి. గీత మీద నొక్కితే ఆటగాళ్ల పేర్లు అక్షర క్రమంలో జాలువారుతాయి. తాదేయ్ పొగాచార్‌ను ఎంచుకున్నాను. ఇందులో తెలివితేటలేమీ లేవు. అతను నిరుటి ప్రపంచ విజేత. ఈ ఏడాది, అంటే 2025లో, ఇటలీలో జరిగే స్ట్రాడె బియాంకె రేసు గెలిచాడు, ఫ్లాండర్స్ గెలిచాడు, ప్రొఫెషనల్‌గా మొదటిసారి పారిస్-రూబే రాళ్లబాటల మీదికి వెళ్లి, మధ్యలో పడి లేచి కూడా రెండోవాడుగా వచ్చాడు. ఆమ్‌స్టెల్ కూడా 2023లో అతనిదే. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని పందెం కాయడంలో ఎంత ధైర్యముందో ఇందులోనూ అంతే. పేరు ఎంచుకుని, అడుగున ఉన్న 'పంపు' మీట దగ్గరికి పోదామని మౌసు చక్రం కిందికి తిప్పాను.

పేజీ కదల్లేదు. పేరు కదిలింది.

ఇలాంటి ఫారాలు తయారుచేసినవాళ్లను ఏం చేసినా పాపం లేదు. ఎంచుకున్న పెట్టె ఇంకా మెలకువగానే ఉంటుంది. మనం చక్రం తిప్పేది కాగితం జరపడానికి అనుకుంటాం, అది మాత్రం మన మనసు మారిందనుకుంటుంది. 'ప' దాటి, 'ర' దాటి, 'స' దగ్గర ఆగింది. నేను చూడకుండానే మీట నొక్కాను. వెంటనే ఈమెయిల్ వచ్చింది: మీ విజేత, మాటియస్ స్కెల్మోసె.

ఎవరీయన? డెన్మార్క్ కుర్రాడు. తీసిపారేయవలసినవాడేమీ కాదు, 2023లో స్విట్జర్లాండ్ పర్యటన రేసు గెలిచాడు. కానీ నా కంటపడిందల్లా 2024 ఏప్రిల్‌లో ఫ్లెష్ వాలోన్ రేసులో వానకూ చలికీ బిగుసుకుపోయి గజగజ వణుకుతుంటే మనుషులు అతన్ని ఎత్తుకుపోతున్న వీడియో. దాన్ని జతచేసి పెద్దమనిషికి ఉత్తరం రాశాను. జట్టు అందరికీ కాపీ పెట్టాను. ఇది నా ఎంపిక కాదనీ, యంత్రం చేసిన ఎంపిక అనీ, న్యాయం ఇంకా బతికి ఉంటే పేరు మార్చాలనీ పేరాలు పేరాలుగా రాశాను. పొగాచార్ గెలుపుల జాబితా ఇచ్చాను. స్కెల్మోసె గెలిచే అవకాశం ఎంత తక్కువో కూడా గట్టిగానే వివరించాను. ఎంత గట్టిగా అంటే, ఒక సహోద్యోగి "ఆ కుర్రాడు నీకేమైనా బాకీనా?" అని అడిగాడు.

పెద్దమనిషి కరిగాడు. నియమం పుట్టిన నాటి నుంచి కరగనివాడు, ఆ ఒక్క రోజు కరిగాడు. "నీ వాదనలో పస ఉంది" అని, పట్టికలో నా వరసలో స్కెల్మోసె పేరు మీద ఎర్రగీత గీసి, పక్కన పొగాచార్ అని రాశాడు. కొట్టేసిన పేరు తుడిచేయవచ్చుగా అంటే, పారదర్శకత కోసం అలాగే ఉంచుతానన్నాడు.

ఆదివారం ఈస్టర్. అందరం ఆయన ఇంట్లో టీవీ ముందు చేరాం. పక్కనే ఇంకో తెర మీద ఆ పట్టిక.

రేసు గురించి చెప్పుకోవలసింది తక్కువ. ఇంకా యాభై కిలోమీటర్లు కూడా లేవనగా ఫ్రెంచి ఆటగాడు అలాఫిలిప్ దూకాడు, పొగాచార్ అతన్ని పట్టుకున్నాడు, కాసేపటికి వదిలించుకున్నాడు, ఒంటరిగా వెళ్లిపోయాడు. ఇక చూడటానికేముంది? నేను గంట ఎక్కడ పెట్టాలా అని ఆలోచనలో పడ్డాను. సగం ఆఫీసు పొగాచార్‌నే రాసింది కాబట్టి గంటను వంతులవారీగా పంచుకోవలసి వస్తుంది, నా వంతు వానాకాలంలో వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. తల ఎత్తేసరికి వెనక ఇద్దరు తగులుకున్నారు. ఒకడు ఎవెనెపూల్, డిసెంబరులో పోస్టు బండివాడు తలుపు తీస్తే గుద్దుకుని ఎముకలు విరగ్గొట్టుకున్న ఒలింపిక్ విజేత. రెండోవాడిని మీరు ఊహించే ఉంటారు. ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా ముగ్గురూ ఒకటయ్యారు. కౌబెర్గ్ కొండ ఎక్కారు, అక్కడా ఎవరూ విడిపోలేదు. ముగ్గురూ ఒకేసారి గీత దాటారు.

ఎవరూ చేతులెత్తలేదు. వ్యాఖ్యాత కూడా నోరు మూసుకున్నాడు. తెర మీద 'ఫోటో ఫినిష్' అని పడింది.

గదిలో ఉన్నవాళ్లంతా టీవీ వదిలేసి నా వైపు తిరిగారు.

ఈ ఫోటో ఫినిష్ సంగతి కాస్త చెప్పాలి. అది మనం తీసే ఫోటో లాంటిది కాదు. ఆ కెమెరా గీతను తప్ప ఇంకేమీ చూడదు. సెకనుకు వేల సార్లు ఆ సన్నని గీతనే తీసి, ఆ పీలికలన్నీ పక్కపక్కన అతికిస్తుంది. అందుకే ఆ బొమ్మలో ఎక్కడ చూసినా గీతే ఉంటుంది. ఎడమ నుంచి కుడికి మారేది చోటు కాదు, సమయం. చక్రాలు కూడా ఒక్కోసారి గుండ్రంగా కనిపించవు, ఒక పక్కకు సాగిపోతాయి. తల ముందుందా, ఛాతీ ముందుందా అన్నది పనికిరాదు. ముందు చక్రం టైరు అంచు గీతను ఎప్పుడు తాకిందన్నదే లెక్క. అందుకే ఆఖరి క్షణంలో చేతులు చాచి, నడుము వెనక్కి లాగి, సైకిలును ముందుకు విసరడం అనే విద్య ఒకటుంది. ఇదంతా మా పెద్దమనిషి ఆ నిశ్శబ్దంలో నాకే చెప్పాడు. నేను అడగలేదు. "ఈ రేసులో ఇది మామూలే" అని భుజం తట్టి, 2022 సంగతి కూడా చెప్పాడు. ఆ ఏడు కోన్‌ఫ్రువా అనే ఫ్రెంచి కుర్రాడికి గెలిచావని చెప్పేశారట, పాపం సంబరపడ్డాడట, తీరా బొమ్మ చూస్తే క్వియాట్‌కౌస్కీ ముందున్నాడట. అంతకు ముందు ఏడాది వాన్ ఆర్ట్, పిడ్‌కాక్‌ల విషయంలోనూ ఇదే తంతు, దాని మీద ఇప్పటికీ వాదించేవాళ్లున్నారట. ఒక మనిషి కుర్చీ అంచున కూర్చుని ఊపిరి బిగబట్టినప్పుడు చెప్పదగిన కథలా ఇవి?

మొక్కుకుందామనుకున్నాను. దేవుడి విషయంలో సందేహం లేదు, ఎవరి కోసం మొక్కాలన్నదే తేల్లేదు. పట్టిక ప్రకారం నా మనిషి పొగాచార్. గెలిస్తే గంటలో పన్నెండో వంతో పదిహేనో వంతో వస్తుంది. ఎవెనెపూల్ గెలిస్తే నాతో పాటు పొగాచార్ భక్తులందరూ మునుగుతారు, నలుగురితో నష్టం కాబట్టి ఓర్చుకోవచ్చు. స్కెల్మోసె పేరు రాసినవాడు ఆఫీసు మొత్తం మీద ఒక్కడు. ఆ ఒక్కడు తనకు అన్యాయం జరిగిందని వీడియోతో సహా విన్నవించుకుని ఆ పేరు తీయించుకున్నాడు. ఇప్పుడు ఆ డెన్మార్క్ కుర్రాడు ఓడిపోవాలని, ఏ తప్పూ ఎరుగని ఆ కుర్రాడి టైరు రవ్వంత వెనకబడాలని, వెంకటేశ్వరస్వామిని అడగడానికి నోరు రాలేదు. అడిగినా ఆయన నవ్వుతాడు.

తెర మీద మళ్లీ నెమ్మదిగా చూపించారు. ఇంకోవైపు నుంచి చూపించారు. పై నుంచి చూపించారు. ప్రతిసారీ నాకు వేరేవాడు గెలిచినట్టు కనిపించింది. సోఫాలో ఎవరో "పొగాచారే" అన్నారు, ఇంకెవరో "ఊహూఁ" అన్నారు. పెద్దమనిషి భార్య కాఫీ కప్పులు తీస్తూ, పట్టిక ముందు ఆగి, ఎర్రగీత కింద వేలు పెట్టి ఆ పేరును కూడబలుక్కుని చదివింది. చదవవలసిన అవసరం ఏమొచ్చిందో తెలియదు.

అప్పుడు మా ఆవిడ, అంతవరకు ఈస్టర్ గుడ్లకు రంగులు వేయిస్తూ పిల్లల దగ్గర ఉన్నది, వచ్చి నా పక్కన కూర్చుంది.

"మీరు మొదట రాసింది ఈ అబ్బాయి పేరే కదండీ?"

"నేను రాయలేదు. మౌసు రాసింది."

"అయితే మౌసుకు బాగానే తెలుసన్నమాట."

తెలుగులోనే అంది. అయినా అందరూ నవ్వారు. మౌసు అన్న మాట అందరికీ అర్థమవుతుందని ఆవిడకు తెలుసు.

ఫలితం వచ్చింది. ఒకటి స్కెల్మోసె, రెండు పొగాచార్, మూడు ఎవెనెపూల్. తేడా టైరు అంచంత. ఆ కుర్రాడికే నమ్మకం కుదిరినట్టు లేదు. ఆ గదిలో అతని బాధ నాకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థమై ఉండదు.

పాయింట్లు విజేత పేరుకే. రెండోవాడికి సున్నా. అంటే అందరికీ సున్నా. ఎవరూ గెలవకపోతే గంట నిర్వాహకుడి దగ్గరే ఉంటుందని మూడో పేజీలో ఉందట. ఆయన దాన్ని టీవీ పక్కన పెట్టి ఒకసారి మోగించి చూసుకున్నాడు. అందరం సున్నాలమే కాబట్టి వ్లాయ్ ఎవరు తేవాలన్న ప్రశ్న వచ్చింది. దానికీ జవాబుంది: గడువు లోపల పేరు మార్చుకున్నవారికి ఒక పాయింటు కోత. నా వరసలో మైనస్ ఒకటి పడింది. ఆఫీసులో సున్నా కింద ఉన్నది నేనొక్కణ్ణే.

ఎర్రగీత తీసేస్తే పోతుంది కదా, అసలు పంపిన ఫారం ఇంకా మీ దగ్గరే ఉంది కదా అన్నాను. యంత్రం తప్పు చేయలేదని ఇప్పుడు రుజువైంది కదా అని కూడా అన్నాను. ఆయన చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా, నియమమంటే నియమం అన్నాడు. నిన్న ఎక్కడికి పోయింది ఆ నియమం? ఆసుపత్రిలో ఉన్న మనిషికి పూలు పంపినవాడు నాకు కూడా పూలే పంపి ఊరుకోవలసింది. పేరు ఎందుకు మార్చాలి?

ఇవాళ పొద్దున్నే ఆయన దగ్గర నుంచి రెండు సందేశాలు. వచ్చే ఆదివారం లీజ్ రేసుకు ఫారం తెరిచాడట, ఈసారి చక్రం తిప్పినా పేరు కదలకుండా బాగుచేశాడట. రెండోది, మంగళవారం తెచ్చే వ్లాయ్ చెర్రీది అయితే బాగుంటుందట, పైన అల్లికలా పిండి వేసినది. ఈస్టర్ సోమవారం కాబట్టి మా వీధి బేకరీ మూసి ఉంది. రేపు పొద్దున ఏడింటికి తెరుస్తారని తలుపు మీద రాసి ఉంది. ఎనిమిదింటికి నాకు మీటింగు. ఆప్రికాట్‌ది తెస్తాను.