ఊరి క్లబ్బు పెంచుతుంది, ఇంకొకరు ఎగరేసుకుపోతారు

జర్మనీలో ఉంటున్న మనవాళ్లని ష్వేబిష్ హాల్ అంటే ఏంటని అడిగితే చాలామంది ఇళ్లకి అప్పులిచ్చే కంపెనీ అంటారు. తప్పేమీ కాదు, ఆ కంపెనీ పేరు ఆ ఊరి పేరే. స్టుట్‌గార్ట్‌కి ఈశాన్యంగా, కోఖర్ నది ఒడ్డున, ఒకప్పుడు ఉప్పు వండుకుని బతికిన పాత ఊరది. జనాభా 40 వేల చుట్టుపక్కల, అంటే మన దగ్గర ఓ చిన్న మున్సిపాలిటీ అంత. ఆ ఊరికి యూనికార్న్స్ అని ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుంది. 2011, 2012, 2017, 2018, 2022లో, మొత్తం ఐదుసార్లు, ఆ జట్టు జర్మనీ ఛాంపియన్ అయింది. బెర్లిన్, కొలోన్, హాంబర్గ్ లాంటి మహానగరాల జట్లున్న దేశంలో ఇది మామూలు విషయం కాదు. అయినా ఆ క్లబ్బు ఎప్పుడూ నిశ్చింతగా కూర్చున్నట్టు కనిపించదు. ఎందుకో చెప్పాలంటే ఆట సంగతి కొంచెం పక్కనపెట్టి క్లబ్బు ఎలా నడుస్తుందో చూడాలి.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు, భుజాల మీద గట్టి ప్యాడ్లు వేసుకుని, కోలగా ఉండే బంతిని పట్టుకుని, నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు తోసుకెళ్లాలి. తోయగలిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలివాళ్ల చేతికి పోతుంది.

యూరప్‌లో ఈ ఆట ఆడేవాళ్లలో ఎక్కువమందికి జీతం లేదు సరికదా, ఎదురు సభ్యత్వ రుసుము కడతారు, వందల యూరోలు పెట్టి హెల్మెట్, ప్యాడ్లు చాలాచోట్ల సొంతంగా కొనుక్కుంటారు. జర్మనీలో క్లబ్బంటే చట్టం దృష్టిలో ఒక సంఘం, రిజిస్టర్ చేయించాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి, సభ్యులంతా కలిసి కార్యవర్గాన్ని ఎన్నుకోవాలి, కోశాధికారి లెక్క చెప్పాలి. మన వినాయక చవితి కమిటీకి రసీదు పుస్తకంతో పాటు నియమావళి కూడా ఉన్నట్టు అనుకోండి. మ్యాచ్ రోజు పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్తే అసలు క్లబ్బు కనిపిస్తుంది. ఒకాయన సున్నం గీతలు సరిచూస్తుంటాడు. జూనియర్ ఆటగాళ్ల తల్లిదండ్రులు గ్రిల్ మీద సాసేజ్‌లు పెడుతుంటారు, ఆ అమ్మకాల డబ్బే తర్వాతి మ్యాచ్ బస్సు ఖర్చుకి ఆసరా. 10 గజాల గొలుసు పట్టుకుని ఇద్దరు మనుషులు మూడు గంటల పాటు గీత పక్కన అటూఇటూ పరిగెడుతూనే ఉంటారు, వాళ్లవైపు ఎవరూ చూడరు గానీ వాళ్లు రాకపోతే ఆట సాగదు. సొంత ఊళ్లో మ్యాచంటే రిఫరీల ఖర్చు, అంబులెన్స్ ఏర్పాటు, గ్రౌండ్ అద్దె అన్నీ ఈ సంఘమే చూసుకోవాలి.

ఈ ఆట జర్మనీకి అమెరికా సైన్యం వెంట వచ్చింది. 1977లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటి క్లబ్బు పుట్టింది, 1979లో లీగు మొదలైంది. ఆ ఏడాది మొదటి ఫైనల్లో ఫ్రాంక్‌ఫర్ట్ 14-8తో ఆన్స్‌బాఖ్ గ్రిజ్లీస్‌ని ఓడించింది. ఇప్పుడు మనకి ముఖ్యమైన జట్టు ఆ ఓడిన ఆన్స్‌బాఖే. ష్వేబిష్ హాల్‌కి (ఇకమీద హాల్ అనే అందాం) తూర్పున, గంట ప్రయాణం దూరంలో ఉన్న ఊరది, జనాభా కూడా దాదాపు అంతే. ఆన్స్‌బాఖ్ జట్టు 1979 నుంచి 1986 దాకా వరసగా ఎనిమిది ఫైనల్స్ ఆడింది, 1981, 1982, 1985లో మూడుసార్లు గెలిచింది. తర్వాత మళ్లీ ఒక్క టైటిల్ లేదు, ఫైనల్ ముఖం కూడా చూడలేదు. పక్కనే అమెరికన్ స్థావరం ఉండబట్టే ఆన్స్‌బాఖ్ వెలిగిందని అంటుంటారు. సరే, ఉంది. కానీ ఆ స్థావరం ఇప్పటికీ ఉందే! పోయింది జట్టు వెలుగు మాత్రమే. హాల్‌లో కథ పూర్తిగా తిరగబడింది. ఊరి అంచున హెస్సెంటాల్‌లో ఉన్న అమెరికన్ బ్యారక్‌లు ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక 1990ల మొదట్లోనే మూతపడ్డాయి, సైనికులు వెళ్లిపోయారు. హాల్ జట్టు పెద్దదైంది వాళ్లు వెళ్లిపోయాకే. 1983లో పెట్టిన క్లబ్బు దేశంలో పై లీగుకి చేరేసరికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. అమెరికన్లుంటే ఆట వస్తుంది, ఒప్పుకుంటాను. నిలబడాలంటే మాత్రం ఊళ్లోవాళ్లు పూనుకోవాలి అనేది నా అభిప్రాయం, దానికి ఈ రెండు ఊళ్లకంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

హాల్‌లో పూనుకున్నవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు సీగ్‌ఫ్రీడ్ గెర్కే. రెండు దశాబ్దాలకు పైగా ఒకే క్లబ్బుకి హెడ్ కోచ్‌గా ఉన్నాడు. క్రీడల్లో కోచ్‌ని మూడు మ్యాచ్‌లు ఓడితే మార్చేసే రోజుల్లో ఇది వింతగానే ఉంటుంది. ఆయన ఉండగానే 2011లో మొదటి టైటిల్ వచ్చింది, కీల్ జట్టు మీద 48-44. మరుసటి ఏడాది మళ్లీ అదే జట్టు మీద 56-53. ఆ రెండు స్కోర్లు చూస్తే డిఫెన్స్ అనే మాట రెండు జట్లూ మర్చిపోయినట్టుంది కదా, చూసినవాళ్లకి మాత్రం పండగే. తర్వాత మొదలైంది కష్టకాలం. 2014, 2015, 2016, మూడేళ్లూ ఫైనల్‌కి వెళ్లారు, మూడేళ్లూ బ్రౌన్‌ష్వైగ్ లయన్స్ చేతిలోనే ఓడారు. 2014లో అయితే 47-9, అంటే చిత్తుచిత్తు. 2017లో నాలుగోసారి మళ్లీ అదే బ్రౌన్‌ష్వైగ్ ఎదురైంది. ఈసారి 14-13, ఒక్క పాయింటు తేడాతో హాల్ గెలిచింది. 2018లో ఫ్రాంక్‌ఫర్ట్ మీద 21-19. 2019లో బ్రౌన్‌ష్వైగ్ 10-7తో బాకీ తీర్చుకుంది. వంద పాయింట్లు దాటిన ఫైనల్ నుంచి 17 పాయింట్ల ఫైనల్ దాకా, ఎనిమిదేళ్లలో అన్నీ చూసేశారు.

క్లబ్బుల తలరాత చాలావరకు అమెరికా నుంచి తెచ్చుకునే ఒకరిద్దరి మీద ఆధారపడుతుందని యూరప్‌లో ఈ ఆట చూసేవాళ్లందరికీ తెలుసు. కాలేజీలో ఆడి, అక్కడి ప్రొఫెషనల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చోటు దొరకని క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపించేవాడు) ఒకడు వస్తాడు. ఇంటి అద్దె, ఒక పాత కారు, నెలకి చేతిఖర్చు ఇస్తారు, సీజన్ అయ్యాక వెళ్లిపోతాడు. ఒకేసారి గ్రౌండ్‌లో ఇద్దరు అమెరికన్లే ఉండాలని జర్మన్ లీగులో చాలాకాలం నిబంధన. మిగిలిన తొమ్మిది మందీ స్థానికులో యూరప్‌వాళ్లో. ఆ క్వార్టర్‌బ్యాక్ మంచివాడు దొరికితే జట్టు ఎగురుతుంది, మోకాలికి దెబ్బ తగిలితే సీజన్ అక్కడితో సరి. ఇది లాటరీ టికెట్ కొనడం లాంటిదే. కానీ ఆ క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి కాచే ఐదుగురు బరువైన లైన్ ఆటగాళ్లు ఎక్కణ్ణించి వస్తారు? వాళ్లని ఎవరూ విమానం ఎక్కించి తీసుకురారు. జూనియర్ జట్ల నుంచి, పదేళ్ల ఓపికతో రావాలి, నవంబర్ చలిలో ప్రాక్టీసుకి పన్నెండు మందే వచ్చినా లైట్లు వేసి నేర్పించే కోచ్ ఉండాలి. హాల్ బలమంతా ఇక్కడే ఉందని నేననుకుంటాను.

డబ్బున్నంత మాత్రాన ఒడిదుడుకులు తప్పవు అనడానికి బ్రౌన్‌ష్వైగే ఉదాహరణ. నగరం పెద్దది, అదే ఊళ్లో ఉన్న న్యూయార్కర్ అనే బట్టల కంపెనీ పేరు కొన్నేళ్లపాటు జట్టు ముందు తగిలించుకున్నారు. 1997 నుంచి 2008 దాకా వరసగా 12 ఫైనల్స్ ఆడి ఏడు గెలిచిన జట్టది. అలాంటిది తర్వాత నాలుగేళ్లు ఫైనల్లో కనపడలేదు, 2013 నుంచి మళ్లీ నాలుగు వరసగా కొట్టింది. లేచింది కాబట్టి బాగుంది. 2001, 2002, 2003లో వరసగా ఛాంపియన్ అయిన హాంబర్గ్ బ్లూ డెవిల్స్ కొన్నేళ్లకే పై లీగు నుంచి తప్పుకుంది.

ఇక మోరిట్జ్ బోరింగర్ సంగతి. ఈ కుర్రాడి కథ సినిమాకి సరిపోతుంది. 17 ఏళ్ల వయసులో యూట్యూబ్‌లో ఏడ్రియన్ పీటర్సన్ వీడియో ఒకటి చూశాడు. పీటర్సన్ అప్పటికి మినెసోటా వైకింగ్స్ జట్టులో పెద్ద స్టార్. ఇదేదో బాగుందే అనుకుని ఆడటం మొదలుపెట్టాడు. 2015లో హాల్ తరఫున పై లీగులో ఒకే ఒక్క సీజన్ ఆడాడు, రిసీవర్‌గా, అంటే విసిరిన బంతిని అందుకునేవాడిగా, 1,461 గజాలు, 16 టచ్‌డౌన్‌లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం). ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. మరుసటి వసంతంలో అమెరికాలో ఒక యూనివర్సిటీ గ్రౌండ్‌లో స్కౌట్ల ముందు 40 గజాలు 4.43 సెకన్లలో పరిగెత్తాడు. 2016 ఏప్రిల్ 30న ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) ఆరో రౌండ్‌లో, 180వ ఎంపికగా, ఒక జట్టు అతన్ని తీసుకుంది. ఏ జట్టో ఊహించండి. మినెసోటా వైకింగ్సే! అమెరికాలో కాలేజీ మెట్టు ఎక్కకుండా యూరప్ క్లబ్బు నుంచి నేరుగా డ్రాఫ్ట్ అయిన మొదటి ఆటగాడు అతనే. తర్వాత సిన్సినాటి బెంగాల్స్‌కి మారాడు, టైట్ ఎండ్ అనే వేరే పాత్రకి తయారు చేశారు, అసలు సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడే అవకాశం రాలేదు.

అతను ఓడిపోయాడని నేననను, అంతదూరం వెళ్లడమే గొప్ప. నాకు ఆసక్తి వేరే లెక్క మీద. మామూలు ఫుట్‌బాల్‌లో ఒక కుర్రాణ్ణి పెంచిన చిన్న క్లబ్బుకి తర్వాత అతన్ని తీసుకున్న పెద్ద క్లబ్బు శిక్షణ పరిహారం ఇవ్వాలని ఫిఫా నిబంధనలున్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌కి ప్రపంచస్థాయిలో అలాంటి ఏర్పాటే లేదు. వేల కోట్ల డాలర్ల వ్యాపారం చేసే లీగు సాసేజ్‌లు అమ్ముకుని నడిచే క్లబ్బు నుంచి ఆటగాణ్ణి తీసుకెళ్తే క్లబ్బుకి మిగిలేది పేపర్లో ఫొటో, వచ్చే ఏడాది జూనియర్ జట్టులో చేరే పదిమంది పిల్లలు. ఆ పిల్లలు చిన్న లాభమేమీ కాదు, కానీ వాళ్ల హెల్మెట్లకి డబ్బు ఎవరివ్వాలి?

పై నుంచి వచ్చిన దెబ్బ ఇలాంటిదైతే పక్కనుంచి వచ్చింది ఇంకొకటి. కోచ్, టీవీ వ్యాఖ్యాత ప్యాట్రిక్ ఎసూమే, వ్యాపారవేత్త జెల్కో కరాయిట్సా కలిసి పెట్టిన యూరోపియన్ లీగ్ ఆఫ్ ఫుట్‌బాల్ 2021లో ఎనిమిది జట్లతో మొదలైంది. అందులో ఆరు జర్మనీవే. సంఘాలు, సభ్యులు, ఎన్నికలు ఏమీ లేవు, మన ఐపీఎల్‌లా ఫ్రాంచైజీలు. అందులో స్టుట్‌గార్ట్ సర్జ్ 2022లో ఆడిన 12 మ్యాచ్‌లూ ఓడింది. అదే ఏడాది హాల్ ఐదో టైటిల్ గెలిచింది, కోచ్ జోర్డన్ న్యూమన్ అనే అమెరికన్. సీజన్ అవ్వగానే న్యూమన్ స్టుట్‌గార్ట్‌కి వెళ్లాడు, అతని వెంట కొంతమంది హాల్ ఆటగాళ్లూ నడిచారు. ఒక్క మ్యాచ్ గెలవని జట్టు 2023లో ఏకంగా ఫైనల్ ఆడింది, రైన్ ఫైర్ చేతిలో 53-34తో ఓడింది. 2025లో ఛాంపియన్ కూడా అయింది. హాల్ చేతి వంట స్టుట్‌గార్ట్ విస్తట్లో వడ్డించినట్టయింది. నిజం చెప్పాలంటే న్యూమన్‌ని తప్పుపట్టలేను. నెల జీతం, గంట దూరంలో పెద్ద నగరం, పెద్ద స్టేడియం ఉంటే ఎవరు మాత్రం వద్దంటారు? హాల్ కూడా 2023లో కూలిపోలేదు, మళ్లీ జర్మన్ ఫైనల్‌కి వెళ్లి పాట్స్‌డామ్ చేతిలో ఓడింది. అంత నష్టం జరిగిన ఏడాదే ఫైనల్ ఆడటం ఐదు టైటిళ్లకంటే పెద్ద విషయమని నా లెక్క.

కొత్త లీగు మాత్రం సుఖంగా ఉందా అంటే అదీ లేదు. 2023లో లైప్‌జిగ్ కింగ్స్ డబ్బుల్లేక సీజన్ మధ్యలోనే చేతులెత్తేసింది. 2025లో కొన్ని జట్లు లీగు యాజమాన్యం మీద అసంతృప్తితో వేరే కూటమి కట్టాయి. పాత కథ తెలిసినవాళ్లకి ఇది ఆశ్చర్యం కలిగించదు. ఎన్‌ఎఫ్‌ఎల్ తన సొంత డబ్బుతో 1991లో మొదలుపెట్టిన యూరప్ లీగు, చివరికి ఆరు జట్లలో ఐదు జర్మనీలోనే మిగిలి, 2007లో మూతపడింది. ఏడాదికి సుమారు 3 కోట్ల డాలర్ల నష్టమని అప్పట్లో వార్తలొచ్చాయి. మనకీ ఇందులో చిన్న వాటా ఉంది. 2012లో భారత్‌లో పెట్టిన ఎలీట్ ఫుట్‌బాల్ లీగులో హైదరాబాద్ స్కైకింగ్స్ అని ఒక జట్టుండేది, మ్యాచ్‌లు శ్రీలంకలో జరిగాయి. ఏ గల్లీలోనూ జూనియర్లు లేరు, మన కళ్ల ముందు ప్రాక్టీసు లేదు, పోయినప్పుడు ఎవరికీ తెలియలేదు కూడా.

ఇంత చెప్పాక హాల్‌ని పాపం చిన్న క్లబ్బు అని వదిలేయాలని నాకూ ఉంది. కానీ ఒక విషయం అడ్డొస్తోంది. బోరింగర్ ఆట నేర్చుకున్నది హాల్‌లో కాదు. పక్కనే, కారులో అరగంట దూరంలో క్రైల్స్‌హైమ్ అని ఇంకా చిన్న ఊరుంది, అక్కడి టైటన్స్ క్లబ్బు జూనియర్ జట్టులో మొదటిసారి హెల్మెట్ పెట్టుకున్నాడు. హాల్ అతన్ని ఒక్క సీజన్ ఆడించింది, పేరంతా హాల్‌కే వచ్చింది. డ్రాఫ్ట్ రోజు ప్రపంచమంతా యూనికార్న్స్ పేరు పలుకుతుంటే క్రైల్స్‌హైమ్‌లో ఆ కుర్రాడికి బంతి ఎలా పట్టుకోవాలో చూపించిన కోచ్ టీవీ ముందు కూర్చుని ఏమనుకుని ఉంటాడో.