డాక్టరు వాడిన బండి

(తిరుపతి కొర్లగుంటలో ఒక ఇంటి ముందు 2013 మోడల్ తెల్ల ఆల్టో. ఆర్సీ తెస్తానని ఓనర్ లోపలికి వెళ్ళి పావుగంటైంది. దొరకడం లేదేమో. బయట మొగుడూ పెళ్ళాల గుసగుస.)

మునిరత్నం: చూశావా! ఏపీ 03, సింగిల్ హ్యాండ్, డాక్టరు వాడిన బండి. లక్షా తొంభై వేలకు ఇంతకంటే ఏమొస్తుందే?

భారతి: ఊళ్ళో అమ్మే ప్రతి పాత కారూ డాక్టరు వాడిందే. టీచర్లు, గుమాస్తాలు అంతా నడిచే పోతున్నారా ఏంది?

మునిరత్నం: మీటరు చూడు, ముప్పై ఎనిమిది వేలే తిరిగింది.

భారతి: మీరు మీటరు చూశారు, నేను క్లచ్ పెడల్ చూశాను. రబ్బరు అరిగి మా అవ్వ సన్నికల్లు మాదిరి నున్నగైంది.

మునిరత్నం: డాక్టరుది బరువు కాలేమో.

భారతి: మరి టైర్లు?

మునిరత్నం: కొత్తవంట. ఎంత నల్లగా ఉన్నాయో!

భారతి: రంగేస్తే మీ మీసమూ నల్లగానే ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, చదవండి.

మునిరత్నం (గొంతుక్కూర్చుని): ఒకటి, ఒకటి, ఒకటి, ఏడు. ఏంది, రేటా?

భారతి: 2017లో పదకొండో వారం తయారైంది. అప్పుడు పాప ఎల్‌కేజీ. ఇప్పుడు సైకిలేసుకుని ట్యూషన్‌కు పోతోంది.

మునిరత్నం: టైర్లు మార్చుకుంటే సరిపాయె. ఈసారి మీ అమ్మను కొండకు మన కార్లోనే తీసుకుపోతానని మాటిచ్చానే!

భారతి: అందుకే చూస్తున్నా. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మీ మాట బ్రేకు వేయదు.

(ముందు సీట్లో కూర్చుని బెల్టు లాగింది. లాగుతూనే ఉంది. చివరి మూరలో ఎర్రటి మరక. గోటితో గీకితే పొడి రాలింది.)

భారతి: ఇదేంది?

మునిరత్నం: దుమ్ము.

భారతి: దుమ్ము పైన పడుతుంది. లోపల చుట్టుకున్న చోట బురద ఎట్లా వచ్చింది? 2021 నవంబర్ వానలు మరిచిపోయారా?

మునిరత్నం: ఎట్లా మరుస్తా! మన గ్యాస్ సిలిండర్ వంటింట్లోంచి హాల్లోకి తేలుకుంటూ వచ్చింది.

భారతి: సిలిండర్ తేలింది, ఈ బండి మునిగింది. సీటు కవర్లు మారుస్తారు, పెయింట్ కొడతారు. బెల్టు చివరిదాకా లాగి కడిగే ఓపిక ఎవరికుంది? వైరింగ్‌లో నీళ్ళు దూరిన బండి ఎక్కడ ఆగుతుందో ఏడుకొండలవాడికే ఎరుక.

మునిరత్నం: కపిలతీర్థం నీళ్ళే కదే. పుణ్యస్నానం చేసిన బండి అనుకుందాం.

భారతి: ఆ లక్షా తొంభై వేలు హుండీలో వేస్తే అంతకంటే పుణ్యం. పైగా 2028కి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు నిండుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పాసైతేనే ఇంకో ఐదేళ్ళు.

(లోపల బీరువా తలుపు మూసిన చప్పుడు.)

మునిరత్నం: వస్తున్నాడు! ఏం చెప్పేది?

భారతి: ఆర్సీలో బ్యాంకు లోను పేరుందేమో చూడండి. ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తామనండి. అడ్వాన్స్ ఏమీ ఇవ్వలేదు కదా?

మునిరత్నం (కార్లోకి వంగి): అవునే, ఈ క్లచ్ రబ్బరు నిజంగానే బాగా అరిగిపోయింది.