డాక్టరు వెళ్లిపోయాక వార్డులో మిగిలే మనిషి

నీట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో శ్రీకాకుళం జిల్లాలో బైపీసీ చదివిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒకే లెక్క నడుస్తుంది. ప్రభుత్వ కోటాలో ఎంబీబీఎస్ సీటు వస్తుందా, రాకపోతే మరో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపాలా, అదీ కుదరకపోతే నర్సింగా, ఫార్మసీయా, అగ్రికల్చర్ బీఎస్సీయా అన్నది ఆ లెక్క. ఈమధ్య ఆ జాబితా చివర ఫిజీషియన్ అసిస్టెంట్ అనే పేరు కూడా వినిపిస్తోంది. టెక్కలిలో ఇంటర్మీడియట్ పిల్లలకు పాఠాలు చెప్పే నా దగ్గరికి ఈ కోర్సు గురించి తెలుసుకోవడానికి వచ్చేవారిని, ఎందుకు చేరాలనుకుంటున్నారని ముందుగా అడుగుతాను. “మెడిసిన్ సీటు రాలేదు కదండీ” అన్నదే ఎక్కువమంది నోట వచ్చే జవాబు. ఆ మాటలో తప్పేమీ లేదు. అయితే నాలుగేళ్ల చదువునూ, ఆ తరువాత జీవితకాలపు ఉద్యోగాన్నీ మోయగల బలం ఆ ఒక్క కారణానికి లేదని నా నమ్మకం.

ఇంతకీ ఈ ఉద్యోగి చేసే పని ఏమిటి? వైద్యుడి పర్యవేక్షణలో రోగి జబ్బు పూర్వాపరాలు రాబట్టడం, శరీర పరీక్ష చేయడం, ల్యాబ్ రిపోర్టులు సరిచూసి తేడాలుంటే వైద్యుడి దృష్టికి తేవడం, కేస్ షీట్ రాయడం, ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్‌కు చేదోడుగా నిలవడం, డిశ్చార్జి అయ్యేవారికి మందులు ఎలా వాడాలో విడమరిచి చెప్పడం. మన పెద్దవాళ్లు దీన్ని పాతకాలపు కాంపౌండరు పని అనుకుంటారు. కాంపౌండరు మందు కలిపి సీసాలో పోసి ఇస్తూ, డాక్టరు గారి పక్కన చూసి చూసి నేర్చుకొనేవాడు. ఫిజీషియన్ అసిస్టెంట్ శరీర నిర్మాణం మొదలుకొని ఔషధ శాస్త్రం దాకా తరగతిలో చదివి, చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసి వస్తాడు. అయినా సొంతంగా క్లినిక్ పెట్టి వైద్యం చేసే అధికారం అతనికి ఉండదు.

ఈ వృత్తి పుట్టిన తీరు తెలిస్తే, అందులోకి మనుషులను లాగే కారణం కూడా కొంత తెలుస్తుంది. 1965లో అమెరికాలోని నార్త్ కరోలినాలో, డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ తొలి కోర్సును ప్రారంభించినప్పుడు అందులో చేరినవారు నలుగురే. నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన వారి చేతుల్లో నైపుణ్యం ఉంది కానీ, ఆ నైపుణ్యానికి బయట ఆసుపత్రుల్లో చోటు లేదు. మరోవైపు ఆ దేశమంతటా వైద్యుల కొరత ఉంది. మన దేశానికి ఈ కోర్సు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, డాక్టర్ కె.ఎం. చెరియన్ చొరవతో, గుండె శస్త్రచికిత్స విభాగపు అవసరాల కోసం వచ్చింది. అక్కడ వైద్యుల కొరత తీర్చడానికి పుట్టిన పని, ఇక్కడ నగరాల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రుల చుట్టూ పెరిగింది. మన పల్లెల పిల్లలకు ఈ ఉద్యోగం కళ్లారా చూసే అవకాశం లేకపోవడానికి అదొక ముఖ్య కారణం.

అయినా దీని అవసరం ఎంతటిదో చెప్పడానికి మా జిల్లాలో కిడ్నీ జబ్బులతో నలుగుతున్న ఉద్దానం ప్రాంతం కన్నా వేరే నిదర్శనం అక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో బడి ముఖం చూడని వృద్ధురాలు కూడా కిడ్నీల పనితీరును తెలిపే రక్తపరీక్షలో తన క్రియాటినిన్ ఎంతో అంకెతో సహా చెబుతుంది. ఎన్ని పరిశోధనలు జరిగినా ఆ కిడ్నీ వ్యాధికి మూలం ఇదీ అని తేలలేదు. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారికి దాదాపు నాలుగు గంటలు మంచానికి అంటిపెట్టుకొని ఉండడం. అంతసేపట్లో నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ వైద్యుడు, ఒక్కో రోగి దగ్గర నిలబడగలిగేది కొద్ది నిమిషాలే. ఆ రోగి మనసులో మెదిలే ప్రశ్నలు మాత్రం ఆయన వెళ్లిన తరువాతే బయటికి వస్తాయి. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగొచ్చు, డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేత్తో బరువెత్తొచ్చా, జీడితోటలో పనికి వెళ్లొచ్చా? జీవితమంతా కొబ్బరి తోటలో గడిపిన రైతుకు ఇకపై బోండాం తాగవద్దని చెప్పడం తేలిక. ఆ నీళ్లలోని పొటాషియంను దెబ్బతిన్న కిడ్నీలు బయటికి పంపలేవనీ, అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుందనీ అతనికి నచ్చేలా చెప్పడానికి సమయం కావాలి, ఓపిక కావాలి, వైద్యం తెలిసి ఉండాలి. ఈ మూడూ కలిసిన మనిషి వార్డులో ఉండాలన్నదే, ఈ వృత్తిని ఎంచుకోవడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గట్టి కారణం.

మిగతా కారణాలనూ చిన్నచూపు చూడకూడదు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, పీజీ మరో మూడేళ్లు. అంతకాలం సంపాదన లేకుండా బిడ్డను చదివించగలిగే కుటుంబాలు ఈ జిల్లాలో ఎన్ని ఉన్నాయి? నాలుగేళ్లలో జీతం అందుకొని చెల్లెలి చదువు చూసుకోవాలన్న కోరిక కూడా గౌరవించదగిన ప్రేరణే. ప్రాణాల మీది నిర్ణయం ఒంటరిగా తీసుకోవడం ఇష్టంలేక, ఒక బృందంలో తన వంతు పని శ్రద్ధగా చేయాలనుకొనేవారూ ఉన్నారు. అది పిరికితనం కాదు, తన స్వభావం తాను ఎరగడం. తన హద్దు తెలిసి, దాన్ని దాటకుండా, సందేహం రాగానే పైవారిని పిలిచే గుణం ఈ ఉద్యోగానికి ప్రాణం. మన ఊళ్లలో ఆర్ఎంపీలుగా పేరుపడిన వారికీ వీరికీ ఉన్న అసలు తేడా అదే.

ఒక ఆశ విషయంలో మాత్రం పిల్లలను హెచ్చరించక తప్పదు. ఇక్కడి డిగ్రీతో నేరుగా అమెరికా వెళ్లి ఇదే ఉద్యోగం చేయవచ్చని కొందరు నమ్ముతున్నారు. అక్కడ గుర్తింపు పొందిన కోర్సును అక్కడే పూర్తిచేసి, జాతీయ అర్హత పరీక్షలో నెగ్గితేనే లైసెన్సు లభిస్తుంది. విదేశీయానమే లక్ష్యంగా చేరినవారు రెండో ఏడాదికల్లా నిరుత్సాహపడతారు.

ప్రేరణ ఉన్నంత మాత్రాన ఉద్యోగం నిలవదు. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన జాబితాలో వీరికి ఫిజీషియన్ అసోసియేట్లు అన్న పేరుతో చోటిచ్చింది. చట్టంలో పేరు చేరడం మంచిదే కానీ, ఆ పేరుతో ప్రభుత్వాసుపత్రుల్లో పోస్టులు, విధుల హద్దులు, పదోన్నతి మార్గం స్పష్టంగా ఏర్పడకపోతే మన పిల్లలు చదువు ముగించుకొని చెన్నైకో హైదరాబాదుకో వెళ్లి అక్కడే స్థిరపడతారు. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. శ్రీకాకుళంలో అంతకు ముందే ఉంది. ఈ రెండు చోట్లా ఈ కోర్సును ప్రవేశపెట్టి, సీతంపేట వంటి ఏజెన్సీ ప్రాంతపు ఆసుపత్రుల్లో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేయాలన్నది నా విన్నపం. డోలీ మోతల వార్తలు చదివిన ప్రతిసారీ ఈ ఆలోచన నన్ను వెంటాడుతుంది.

కిందటి వేసవిలో ఒక విద్యార్థిని, నా మామూలు ప్రశ్నకు, సీటు సంగతి ఎత్తకుండానే జవాబు చెప్పింది. “మా నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్లినప్పుడల్లా అక్కడ అడగడానికి మనిషి కోసం వెతుక్కుంటామండీ. ఆ మనిషి నేనే అయితే బాగుంటుంది” అంది. చేరబోయే కళాశాలకు సొంత ఆసుపత్రి ఉందో లేదో, ఇంటర్న్‌షిప్‌లో ఎవరి పర్యవేక్షణలో పనిచేయాలో రాతపూర్వకంగా తెలుసుకోమని చెప్పి పంపాను. చదువయ్యాక పలాసలోనే పనిచేయవచ్చా అని ఆమె అడిగిన రెండో ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మాత్రం ప్రభుత్వమే.