సీఎంఈ గంటల్లో ఏం నేర్చారని అడగాలి

పాము కరిచిందని తీసుకొచ్చిన మనిషికి విషం ఎక్కిందో లేదో తేల్చడానికి చౌకైన పరీక్ష ఒకటుంది. 2 మిల్లీలీటర్ల తాజా రక్తాన్ని కొత్త, శుభ్రమైన, పొడి గాజు నాళికలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత వంచి చూడాలి. రక్తం గడ్డకట్టకుండా జారితే రక్తపింజర వంటి పాముల విషం ఒంట్లోకి వెళ్లినట్టు. నాళిక ప్లాస్టిక్‌దైనా, సబ్బుతో కడిగి మళ్లీ వాడినదైనా ఈ పరీక్ష చెడిపోతుంది. గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టేది శుభ్రమైన గాజు ఉపరితలమే. అది లేకపోతే విషం ఎక్కని మనిషి రక్తమూ జారుతుంది, అవసరం లేని విరుగుడు మందు ఎక్కించాల్సి వస్తుంది. ఇక కట్లపాము కాటులో ఈ పరీక్ష ఏ తేడానూ చూపదు. అక్కడ కనురెప్పలు వాలుతున్నాయా, మింగడం కష్టమవుతోందా, ఊపిరి మందగిస్తోందా అని చూడాలి.

ఇది అరగంటలో నేర్పగల విషయం. అయిదేళ్లలో 30 గంటల సీఎంఈ (నిరంతర వైద్య విద్య) పూర్తిచేసి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించుకున్న డాక్టరుకు ఆ అరగంట దక్కిందన్న పూచీ మాత్రం మన విధానంలో ఎక్కడా లేదు. మా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే.

నిబంధన కొత్తదేమీ కాదు. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నియమావళిలోనే ప్రతి వైద్యుడూ అయిదేళ్లకు కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యలో పాల్గొనాలనీ, ఆ సంగతి కౌన్సిల్‌కు తెలియజేయాలనీ ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య మండళ్లు (కౌన్సిళ్లు) రెన్యూవల్‌కు ఈ క్రెడిట్ గంటలనే అడుగుతున్నాయి. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న తెచ్చిన కొత్త నియమావళి ఈ ఏర్పాటును బిగించబోయింది. ఆన్‌లైన్ శిక్షణ సగానికి మించరాదంది. మందుల కంపెనీలు నేరుగా గానీ పరోక్షంగా గానీ సొమ్ము పెట్టే సదస్సులకు డాక్టర్లు దూరంగా ఉండాలంది. వైద్య సంఘాలు అభ్యంతరం చెప్పడంతో మూడు వారాలకే, ఆగస్టు 23న, ఆ నియమావళి మొత్తాన్నీ పక్కన పెట్టి 2002 నాటి నియమాలనే మళ్లీ అమల్లోకి తెచ్చారు.

30 గంటలంటే ఏడాదికి 6, నెలకు అరగంట. అమెరికాలోని కాలిఫోర్నియా రెండేళ్లకే 50 గంటలు అడుగుతుంది. ఫ్లోరిడా అడిగే 40 గంటల్లో రెండు గంటలు చికిత్సలో దొర్లే పొరపాట్లను నివారించడం గురించే ఉండాలి. బ్రిటన్ 2012 డిసెంబరు నుంచి వేరే దారి పట్టింది. అక్కడ ఏటా ఒక సీనియర్ వైద్యుడు కూర్చోబెట్టి సమీక్షిస్తారు. చదువుతో పాటు రోగుల అభిప్రాయం, తోటివారి అభిప్రాయం, వచ్చిన ఫిర్యాదులు, పనిలో జరిగిన తీవ్రమైన ఘటనలు, వాటి తర్వాత మార్చుకున్న పద్ధతులు అన్నీ ముందు పెట్టాలి. వీటి ఆధారంగానే అయిదేళ్లకోసారి లైసెన్సు కొనసాగుతుంది. మన కళాశాలల్లో చదివి అక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తున్న తెలుగు డాక్టర్లు ఏటా ఈ సమీక్షకు కూర్చుంటూనే ఉన్నారు. కాబట్టి మన డాక్టర్లు ఇలాంటి లెక్క అప్పగించలేరనడానికి వీల్లేదు. మనం అడగడం లేదు, అంతే.

గంటల సంఖ్య పెంచమని మేము కోరడం లేదు. ఆ గంటల్లో ఏం జరుగుతోందన్నదే మా పట్టింపు. పొద్దున రిజిస్టర్‌లో సంతకం చేసి, మధ్యాహ్నం భోజనానికి వెళ్లిపోయినా సర్టిఫికెట్ వస్తే ఆ గంట లెక్కలోకి వచ్చినట్టే. ఆన్‌లైన్ పాఠాన్ని పక్కన మోగనిచ్చి చివర రెండు ప్రశ్నలకు టిక్కు పెట్టినా అంతే. పోనీ, బుద్ధిగా కూర్చుని విన్నా చాలడం లేదు. వైద్యుల శిక్షణ సమావేశాలపై, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2009లో వెలువరించిన సమీక్షలో, ఇలాంటి సమావేశాల వల్ల పనితీరు మెరుగుపడింది సుమారు 6 శాతమే. ఉపన్యాసానికి చర్చ, సాధన తోడైన చోట ఫలితం మెరుగ్గా ఉంది. కష్టమైన అలవాట్లను మార్చడం ఉపన్యాసాల వల్ల కాలేదు. అనుభవమే అన్నీ నేర్పుతుందన్న ధీమాకూ ఆధారం లేదు. వైద్యుల అనుభవానికీ చికిత్స నాణ్యతకూ ఉన్న సంబంధంపై 2005లో వచ్చిన ఒక సమీక్షలో, పరిశీలించిన అధ్యయనాల్లో సగానికి పైగా ఏళ్లు గడిచేకొద్దీ నాణ్యత తగ్గిందనే చూపాయి. ఇది డాక్టర్ల నిజాయతీకి సంబంధించిన విషయం కాదు. వాళ్లు చదివినప్పటి వైద్యం ఇప్పుడు మారిపోయింది.

ఎంతగా మారిందో చూడండి. క్షయకు వారానికి మూడు రోజులిచ్చే మందులు 2017లో రోజువారీ మోతాదుకు మారాయి. కాన్పు తర్వాత అధిక రక్తస్రావమైతే మూడు గంటల్లోపు ఒక గ్రాము ట్రానెక్సామిక్ యాసిడ్ నరంలోకి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ అదే ఏడాది. కుక్కకాటుకు ఇచ్చే రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను గాయంలోనూ గాయం చుట్టూనూ వీలైనంత ఎక్కిస్తే చాలని, మిగిలిన మందును కండలో పొడవనక్కర్లేదని 2018లో తేల్చింది. ఆ మందు ఎప్పుడూ కొరతే కాబట్టి, ఒకరికి మిగిలింది మరొకరి ప్రాణం నిలబెడుతుంది. పెన్సిలిన్ లాంటి ఇంజెక్షన్ పడక మనిషి కుప్పకూలితే పెద్దవాళ్లకు తొడ బయటివైపు కండలో అర మిల్లీగ్రాము అడ్రినలిన్ వెంటనే ఇవ్వాలి. దీంట్లో కొత్తేమీ లేదు. అయినా చేయి ముందు ఎవిల్, హైడ్రోకార్టిసోన్ మీదికే వెళుతుంది. అవి దద్దుర్లను తగ్గించగలవేమో గానీ, పడిపోతున్న రక్తపోటునూ మూసుకుపోతున్న గొంతునూ నిలబెట్టలేవు. ఆలస్యమైన ఆ కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతుంది.

ఈ విషయాలు సదస్సుల్లో ఎందుకు వినిపించవు? డబ్బు ఎవరిదో చూస్తే తెలుస్తుంది. పెద్ద హోటల్ హాలు, భోజనాలు, దూరం నుంచి వచ్చే వక్తల విమానం టికెట్లు డెలిగేట్ ఫీజుతో గట్టెక్కవు. అక్కడికి స్టాళ్లు, స్పాన్సర్లు వస్తారు. వాళ్ల వెంట అంశాలూ వస్తాయి. కొత్త షుగర్ మాత్ర మీద సదస్సుకు ముందుకొచ్చే కంపెనీలు ఓఆర్‌ఎస్, జింకు మాత్రల మీద సదస్సుకు రావు. డాక్టర్లు కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం తీసుకోకూడదన్న నిషేధం 2009 డిసెంబరు నుంచే ఉంది. ఇలాంటి కానుకల ఖర్చును కంపెనీలు ఆదాయ పన్నులో మినహాయించుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2024 మార్చిలో వచ్చిన మార్కెటింగ్ నియమావళి విదేశాల్లో సీఎంఈలు పెట్టడాన్ని ఆపింది. ఇన్ని ఉన్నా, స్వదేశంలో కంపెనీ సొమ్ముతో సదస్సు జరపడానికి దారి తెరిచే ఉంది. క్రెడిట్ గంటలకు అనుమతి ఇచ్చే ముందు ఖర్చు ఎవరు పెడుతున్నారో, వక్తలకు ఆ కంపెనీలతో ఏ సంబంధం ఉందో కౌన్సిళ్లు రాతపూర్వకంగా తీసుకుని వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలి.

ఇంకో అన్యాయం ఉంది. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు ప్రాంతాల్లో ఒకరిద్దరితో నడిచే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు హైదరాబాదులో రెండు రోజుల సదస్సు అంటే నాలుగు రోజుల సెలవు, చేతి సొమ్ము, ఆ నాలుగు రోజులూ మూతపడినట్టుండే ఓపీ. పాముకాటు, కాన్పు, మలేరియా, పిల్లల వాంతులు విరేచనాలు ఎక్కువగా చూసేది ఆ డాక్టరే. తెలంగాణలో ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాకూ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వాటిలో సిబ్బంది కొరత ఉన్న మాట నిజమే. అయినా నెలకు ఒక పూట, పాతికమందికి మించని బృందానికి, ఉచితంగా శిక్షణ ఇవ్వడం వాటి శక్తికి మించిన పని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో బోధనాసుపత్రులు, జిల్లా ఆసుపత్రులు ఇదే బాధ్యత తీసుకోవచ్చు. ఆ పూటను ప్రభుత్వం డ్యూటీగానే లెక్కించి, కేంద్రానికి బదులు డాక్టరును పంపాలి.

ముప్ఫై గంటల్లో కనీసం పది గంటలకు అంశాలను కౌన్సిలే నిర్ణయించాలన్నది మా సూచన. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం, అనాఫిలాక్సిస్ (మందు పడక మనిషి కుప్పకూలే తీవ్రమైన అలర్జీ), పాముకాటు, కుక్కకాటు, కాన్పు రక్తస్రావం, యాంటీబయాటిక్‌ల వాడకం అందులో తప్పనిసరిగా ఉండాలి. వీటికి సర్టిఫికెట్ వినికిడి మీద ఇవ్వకూడదు, చేతి మీద ఇవ్వాలి. బొమ్మ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు నొక్కి, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనిచ్చి చూపాలి. రెండు నిమిషాలు దాటేసరికి అలసి లోతు తగ్గిపోతుందన్నది అక్కడ స్వయంగా నొక్కితేనే తెలుస్తుంది. ఒకసారి రాకపోతే మళ్లీ చేయించాలి, లైసెన్సు ఆపకూడదు. నేర్పడానికి పెట్టిన శిక్షణ భయపెట్టడానికి పనికిరాకూడదు. మిగిలిన ఇరవై గంటలు డాక్టరు ఇష్టం. కళ్ల డాక్టరు కంటి శస్త్రచికిత్స నేర్చుకుంటారు, పిల్లల డాక్టరు టీకాల గురించి వింటారు.

కాగితాల వైపు చేయాల్సింది కొద్దే. రెన్యూవల్ గడువు దగ్గరపడ్డాక పాత సర్టిఫికెట్ల కోసం వెతికే డాక్టర్లు ఎందరో. సర్టిఫికెట్ మీద కౌన్సిల్ ఇచ్చిన క్రెడిట్ గంటలు, అనుమతి సంఖ్య, తమ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో అందుకున్న రోజే చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే దరఖాస్తు వెనక్కి రావచ్చు. నిర్వాహకులే హాజరైనవారి వివరాలను రిజిస్ట్రేషన్ నంబరుతో నేరుగా కౌన్సిల్ పోర్టల్‌లో ఎక్కిస్తే ఈ తిప్పలే ఉండవు. ఎన్ని గంటలు పూర్తయ్యాయో, ఎన్ని మిగిలాయో ఏటా ఫోనుకు సందేశం పంపాలి. రాష్ట్ర విభజనకు ముందు ఉమ్మడి కౌన్సిల్‌లో నమోదై, ఇప్పుడు రెండో రాష్ట్రంలో పనిచేస్తున్నవారి గంటలను ఏ కౌన్సిల్ ఆమోదించినా రెండోది ప్రశ్న లేకుండా అంగీకరించాలి. ఇందుకు రెండు కౌన్సిళ్ల రిజిస్ట్రార్లు కూర్చుని ఒక ఒప్పందం రాసుకుంటే చాలు. కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.